ముప్పై ఒక్క క్యాసెట్లు, ఒక్క మనిషి

నా జీవితంలో నేను కుదుర్చుకున్న బేరాలన్నిటిలోకీ గొప్పదేదని ఎవరైనా అడిగితే ఏమాత్రం తడుముకోకుండా చెబుతాను: కువైట్ వదిలి వెళ్లిపోతున్న ఒక అమెరికా ఇంజినీరు దగ్గర ముప్పై ఒక్క వీడియో క్యాసెట్లు నాలుగింటి ధరకు కొట్టేశాను. గంటన్నర బేరమాడాను. రెండుసార్లు లేచి గుమ్మం దాకా వెళ్లాను. రెండోసారి చెప్పులు కూడా తొడుక్కున్నాను. రెండుసార్లూ ఆయనే వెనక్కి పిలిచాడు. అలా వెనక్కి పిలిపించుకునే విద్య మా ఇంట్లో ఉగ్గుపాలతోనే పట్టుబడుతుంది. రాయచోటిలో మాది గాజుల అంగడి. మా జేజి, అంటే నాయనమ్మ, ప్రతి గాజునూ గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకునేది. వెంట్రుకవాసి పగులున్నా ఆ మోతలోనే పట్టేసేది. "ముందుగా ధర చెప్పినోడు సగం ఓడిపోయినట్టే రా మస్తానూ" అనేది. అమెరికా ఆయన చేతే ముందు ధర చెప్పించాను కాబట్టి గెలిచాననే అనుకున్నాను. గాజును మీటినట్టు క్యాసెట్టును మీటి చూడలేమన్న సంగతి మాత్రం తట్టలేదు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం అన్నం తిని టీవీ ముందు కూర్చుంటే, వార్తల చివర అమెరికాలో ఒక ముసలి నటుడు పోయాడని చెప్పి ఆయన వేసిన వేషాలు వరసగా చూపించారు. గుడ్డి జడ్జి, రైల్లో టికెట్లు చూసే లావుపాటి మనిషి, పడవ పోగొట్టుకున్న జాలరి, నవ్వుతూనే చంపేవాడు. "వీళ్లంతా ఒకేసారి పోయారా ఏంది, ప్రమాదమా?" అంది మా ఆవిడ. "ఒక్కడే" అన్నాను. మజ్జిగ తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాను. షుగర్ పడిపోయిందనుకుని ఆమె లోపలికి పోయి చెంచాడు చక్కెర తెచ్చి నోట్లో పోసింది. నోట్లో తీపి, ఒళ్లంతా చెమట. నలభై ఏళ్ల నాటి భయానికి చక్కెర ఏం చేస్తుంది?

నేను కువైట్ వెళ్లింది ఇంటిపని వీసా మీద. నా ఇఖామాలో, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులో, రాసిన ప్రకారం నేను జాబ్రియాలో ఒక ఇంట్లో వంటవాణ్ణి. నిజానికి ఆ ఇంట్లో నేను ఒక గుడ్డు కూడా ఉడకబెట్టలేదు. వీసా ఇచ్చిన కఫీల్, మేం బాబా అని పిలిచే ఆ ఇంటి యజమాని, ఏడాదికి ఇంత అని నా దగ్గర పుచ్చుకుని, బయట ఎక్కడైనా బతుకుపొమ్మని వదిలేశాడు. అలా బతకడం అక్కడ నేరం. దొరికితే లోపల ఎన్నాళ్లు ఉంచుతారో తెలియదు, ఆ తర్వాత కట్టుబట్టలతో విమానం ఎక్కిస్తారు. నేను హవల్లీలో క్యాసెట్లు అద్దెకిచ్చే ఒక షాపులో కుదిరాను. నడిపేది జోసఫ్ అనే మలయాళీ. చేరిన మొదటిరోజు ఆయన నాకు నేర్పింది క్యాసెట్లు ఎలా సర్దాలో కాదు, తనిఖీ వస్తే ఏం చేయాలో. పక్క ఇస్త్రీ షాపు పఠాన్, తనిఖీవాళ్ల బండిని వీధి మలుపులో చూడగానే మా గోడ మీద ఇస్త్రీపెట్టెతో రెండు దెబ్బలు వేసేవాడు. ఆ చప్పుడు వినగానే నేను కౌంటరు ఇవతలికి దూకి, చేతికందిన క్యాసెట్టు పట్టుకుని, అద్దెకు వచ్చినవాడిలా నిలబడాలి. నాలాంటి వీసావాళ్లు ఆ వీధిలో ప్రతి షాపులోనూ ఉండేవాళ్లు. తనిఖీ వచ్చిన పొద్దు హవల్లీలో అమ్మేవాడు కనబడేవాడు కాదు, అందరూ కొనేవాళ్లే. ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, ఇప్పటికీ పక్కింటివాళ్లు గోడకు మేకు కొడితే రెండో దెబ్బకు నేను లేచి నిలబడి ఉంటాను.

శుక్రవారం మాత్రం జాబ్రియా వెళ్లి ముఖం చూపించాలి. ఎవరైనా అడిగితే, అదిగో మా వంటవాడు అని చెప్పుకోవడానికి బాబాకూ, మేం మామా అని పిలిచే ఆయన భార్యకూ అదొక సాక్ష్యం. ఆ ఇంటి వాసన నాకు ఇప్పటికీ గుర్తే: ఏలకులు వేసి కాచిన కాఫీ, నిప్పుల మీద వేసిన ధూపం, చల్లటి మిషను గాలిలో ఎండని తడి తివాచీ. బాబా తల్లి హాల్లో నేల మీద గోడకు ఆనుకుని కూర్చుని, ఒక చేత్తో జపమాల తిప్పుతూ, రెండో చేత్తో కడిగి తెచ్చిన టీ గ్లాసులను ఒక్కొక్కటే తడిమి లెక్కపెట్టేది. ఆమెకు చూపు సరిగా లేదు, కానీ గ్లాసు అంచు పెచ్చు ఊడితే వేలికి తెలిసిపోయేది. మా జేజి గుర్తొచ్చి ఆమె దగ్గర నాకు కొంచెం ధైర్యంగా ఉండేది, మరికొంచెం భయంగానూ ఉండేది.

ఆ ఇంట్లో పనిమనిషి రవణమ్మక్క. రాయచోటికి పక్కనే ఉన్న పల్లె. భర్తనూ ఎనిమిదేళ్ల కూతురినీ వదిలి వచ్చింది. ఊళ్లో మూడు గదుల మిద్దె మొదలుపెట్టారు. గోడలు కిటికీల ఎత్తుకు లేచాయి. ఇంకో రెండేళ్లు చేస్తే పైకప్పు పడుతుంది. ఆమెకు చదువు రాదు. శుక్రవారం మగవాళ్లంతా నమాజుకు వెళ్లినప్పుడు, బట్టలుతికే గదిలో డబ్బా బోర్లించుకుని కూర్చుని నేను ఆమెకు జాబు రాసిపెట్టేవాణ్ణి. ఒక జాబుకు ఒక పూట అన్నం, అదీ మా ఒప్పందం.

"నాలుగు గీతలు గీకేదానికి ఇంత కూరా? ఆ దొంగ కడుపులో ఏముండాదో" అనేది గిన్నె నా ముందు పెడుతూ.

"అక్షరానికి ఒక మెతుకు లెక్కేసుకో అక్కా, నువ్వే నాకు బాకీ పడతావు."

"సరే రాయి. నేను బాగుండాను అని రాయి. జొరం వచ్చిన సంగతి రాయొద్దు. పాపను బడి మానిపించొద్దని రెండుసార్లు రాయి. ఒకసారి రాస్తే మా ఇంటాయనకు ఎక్కదు."

రెండుసార్లు రాసేవాణ్ణి. అప్పుడప్పుడూ మూడుసార్లు.

ఇక క్యాసెట్ల సంగతి. మా ఊరి సినిమా హాల్లో హీరో ముఖం కనబడకముందే, బూట్ల చప్పుడుకే ఈలలు పడేవి. మీసం మారొచ్చు, చొక్కా మారొచ్చు, మనిషి మాత్రం మారకూడదు. మారితే టికెట్టు డబ్బులు వాపసు ఇమ్మనేవాళ్లం. ఆ కళ్లతోనే నేను అమెరికా ఆయన ఇంట్లో ముప్పై ఒక్క అట్టల మీది బొమ్మలు చూసి ముప్పై ఒక్క మంది హీరోలను లెక్కపెట్టుకున్నాను. బట్టతల ఒకడు, గడ్డం ఒకడు, ముసలివాడొకడు, పాతికేళ్ల కుర్రాడొకడు. రకానికొకటి దొరికిందని మురిసిపోయాను. జోసఫ్ షాపులోనే ఒక అర ఇప్పించుకుని, వచ్చినదాంట్లో సగం సగం అని మాట్లాడుకుని పెట్టాను.

షాపుకు పాలస్తీనా నుంచి వచ్చిన ఒక బడిపంతులు రోజూ వచ్చేవాడు. ఒక్క క్యాసెట్టూ అద్దెకు తీసుకోడు. అట్టల వెనక రాసిందంతా చదివి, "షుక్రన్" అని వెళ్లిపోతాడు. నేను ఆయన్ని ఉస్తాద్ అనేవాణ్ణి. ఇద్దరం వచ్చీరాని హిందీలో మాట్లాడుకునేవాళ్లం.

"ఉస్తాద్, ముప్పై ఒక్క మంది హీరోలు. యల్లా, ఈ పొద్దయినా ఒకటి తీసుకోండి" అన్నాను.

ఆయన ఒక్కొక్కటే తీసి చూశాడు. చూస్తూ చూస్తూ కళ్లద్దాలు తీసి తుడుచుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "మస్తాన్, ఇందులో హీరో ఒక్కడూ లేడు. ఉన్నది ఒక్క మనిషే."

గాజుల అంగడివాడు, ఒకే గాజును ముప్పై ఒక్కసారి కొన్నాడు.

ఆయన ఆ క్యాసెట్లను కౌంటరు మీద వరసగా పేర్చి ఆ నటుడి బతుకంతా చెప్పాడు. ఎక్కడో చిన్న ఊళ్లో నాటకాల కంపెనీలో తెరలు లాగడంతో మొదలు. ఇరవై రెండేళ్లకే ముసలి తండ్రి వేషాలు. సినిమాల్లో మొదట గుంపులో సిపాయి, ఆ తర్వాత హోటల్లో సూపు పోసేవాడు. ఒక సినిమాలో హంతకుడిగా వేసి పేరొచ్చింది; అందరూ మళ్లీ హంతకుడే వెయ్యమంటే, పారిపోయినట్టు వెళ్లి నాటకాల్లో రాజు వేషం కట్టాడు. రాజుగా పేరొస్తే తిరిగొచ్చి సినిమాలో టికెట్ల గుమాస్తా వేశాడు. పేరు వచ్చిన ప్రతిసారీ ఆ పేరు నుంచి తప్పించుకునేవాడు. గొప్ప బహుమతి ఒకసారి ఇచ్చారట. వేదిక మీదికి వచ్చినప్పుడు సగంమందికి ఇతనెవరో తెలియలేదట. "మిగతావాళ్లు వేషం తగిలించుకుంటారు. ఇతను తనని తాను తీసేసుకుంటాడు" అన్నాడు ఉస్తాద్. ఆ మాట నాకు చలిలా తగిలింది. కౌంటరు ఇవతలికి దూకిన ప్రతిసారీ నేను చేస్తున్నదీ అదే.

ఎండాకాలం మధ్యాహ్నాలు షట్టరు సగం దించి, షాపులో ఉన్న అన్నిరకాల టేపులూ ఆడే మిషను మీద ఇద్దరం ఆ సినిమాలు చూసేవాళ్లం. ఆయన నాటకం చూసేవాడు, నేను పాఠం నేర్చుకునేవాణ్ణి. పదో సినిమాకో పదకొండో సినిమాకో నాకు ఒక గుర్తు దొరికింది. ముఖం మారేది, గొంతు మారేది, నడక మారేది. భయపడే ఘట్టం వచ్చేసరికి మాత్రం ఆ మనిషి ఎడమ బొటనవేలు పిడికిట్లోకి దూరిపోయేది. ఉస్తాద్‌కు చూపిస్తే ఆయన అదిరిపోయాడు. "ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, నాకు కనబడలేదు" అన్నాడు. పగులు వెతికే కన్ను ఉస్తాద్, అది అంగట్లో పుట్టినవాళ్లకే ఉంటుంది అని గొప్పలు పోయాను.

ఆ చదువు నాకు ఒకసారి పనికొచ్చింది. గోడ మీద రెండు దెబ్బలు పడ్డాయి. దూకాను. తనిఖీవాడు నేరుగా నా దగ్గరికే వచ్చి, ఏ సినిమా తీసుకుంటున్నావు, ఎక్కడ పని అని అడిగాడు. కానీ అప్పటికి నేను మస్తాన్‌ను కాను. ఆ టికెట్ల గుమాస్తాలాగా భుజాలు వదిలేసి, ఇంట్లో మామా ఏదో సినిమా తెమ్మంది, పేరు మర్చిపోయాను, ఇప్పుడు వెళ్తే తిడుతుంది అని గొణిగాను. వాడు నవ్వి, ఏడుపు సినిమా తీసుకెళ్లు అని సలహా ఇచ్చి మరీ వెళ్లాడు. ఆ సాయంత్రం జోసఫ్ నాకు బిర్యానీ పెట్టించాడు. నేను గొప్పవాణ్ణనుకున్నాను. చెయ్యి మాత్రం జేబులోంచి తియ్యలేదు. బొటనవేలు ఇంకా పిడికిట్లోనే ఉంది.

తర్వాత కొద్దిరోజులకే సెన్సారు ముద్ర లేని క్యాసెట్లు పట్టుకుంటున్నారని కబురొచ్చింది. అమెరికా ఆయన సామానుతో వచ్చిన నా ముప్పై ఒక్కదాంట్లో ఒక్కదానికీ ముద్ర లేదు. రెండు మూడు అట్టల మీద ఆడామగా కావలించుకుని ఉన్న బొమ్మలు కూడా ఉన్నాయి.

"ఖలాస్ మస్తాన్. రేపు పొద్దునకి ఇవి ఇక్కడ ఉండొద్దు. సముద్రంలో పడేస్తావో ఏం చేస్తావో" అన్నాడు జోసఫ్.

డబ్బు పెట్టి కొన్న సరుకును సముద్రంలో పడేసినవాడు మా వంశంలో లేడు. మర్నాడు శుక్రవారం. అట్టపెట్టెలో వాటిని సర్ది, పైన రెండు పాత దుప్పట్లు కప్పి జాబ్రియా పట్టుకెళ్లాను. రవణమ్మక్క బట్టలుతికే గదిలో ఉంది.

"నీ మెట్ల కింద గదిలో ఒక నెల పెట్టుకో అక్కా. ఊరికే వద్దులే, రెండు జాబులు అన్నం లేకుండా రాసిపెడతా" అన్నాను.

"ఏముండాది అందులో?"

"ఊరికి పంపే సామాన్లు."

ఆమె పెట్టెను ఒక చేత్తో ఎత్తి చూసింది. నా ముఖం చూసింది. "సామాన్లేలే" అంది. లోపల పెట్టుకుంది.

రంజాన్ ముందర ఇల్లంతా దులిపే పనులు మొదలయ్యాయి. మెట్ల కింద గది కూడా ఖాళీ చేయించారు. బాబా తల్లి పెట్టెలో చెయ్యి పెట్టి తడిమి, ఇవేంటని అడిగిందట. నాకు కబురొచ్చి వెళ్లేసరికి హాల్లో తివాచీ మీద క్యాసెట్లు పరిచి ఉన్నాయి, కావలించుకున్న బొమ్మలు పైకి కనబడేలా. మామా నిలబడి ఉంది. బాబా కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన ఆయన తమ్ముడు, పోలీసు దుస్తుల్లో. రవణమ్మక్క గుమ్మం దగ్గర, మోచేతుల దాకా సబ్బునీళ్లు.

"నువ్వు తిరిగేది క్యాసెట్ల బజార్లో కదా. ఇవి నీవా?" అన్నాడు తమ్ముడు.

చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే క్యాసెట్లు, బయట పని, ఇఖామా, అన్నీ ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తాయి. జైలు గది ఎలా ఉంటుందో నేను చూడలేదు, అందుకే అది ఎంత కావాలంటే అంత చీకటిగా కనబడింది. వంగి ఒక క్యాసెట్టు తీసుకున్నాను. అలాంటిది జీవితంలో మొదటిసారి చూస్తున్నవాడిలా అటూ ఇటూ తిప్పాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని తప్పుగా చదివాను. "తెలీదు బాబా. నేను చూడలేదు" అన్నాను. ఆ హాల్లో నన్ను నేను ఎంత బాగా తీసేసుకున్నానంటే, ఆ నటుడు చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

మామా గుమ్మం వైపు తిరిగింది. రవణమ్మక్క నా వైపు ఒక్కసారి చూసింది. ముఖం వైపు కాదు, ఇంకొంచెం కిందికి.

"నావే మామా. ఎవురో అమెరికావోళ్లు పారేస్తాంటే అమ్ముకుందామని తెచ్చుకుంటి. నాకు బుద్ధి లేకపాయ" అంది, వచ్చిన అరబీలో సగం, మన మాటల్లో సగం.

మామాకు బుద్ధి సంగతి అక్కర్లేదు. పిల్లలున్న ఇల్లు అంది. నాలుగు రోజుల్లో పంపించేశారు. వెళ్లేముందు ఆ ఇంటి డ్రైవర్ నన్ను వెతుక్కుంటూ షాపుకొచ్చాడు. "రవణమ్మ చెప్పమంది. ఆ పెట్టె సంగతి ఉన్నదున్నట్టు వాళ్ల ఆయనకు జాబు రాయాలంట. నువ్వు బాకీ ఉన్నావంట."

నీలం రంగు విమానం జాబులు మూడు కొన్నాను. మూడుసార్లు కూర్చున్నాను. "ఆ పెట్టె నాది" అని రాయగానే నా దస్తూరీ నన్నే చూసేది. ఈ జాబు ఏ చేతుల్లో పడుతుందో, ఎవరు విప్పుతారో, ఎన్ని చేతులు మారి మళ్లీ ఈ ఊరికే వస్తుందో. మూడూ చించి ఇస్త్రీ పఠాన్ బొగ్గుల్లో వేశాను. గోడ మీద దెబ్బలు పడని రోజుల్లో కూడా నాకు వినబడుతూ ఉండేవి. యుద్ధం వచ్చి అందరం పారిపోయేదాకా ఇంకా ఆరేళ్లు నేను అక్కడే ఉన్నాను, ఇఖామాలో వంటవాడిగానే. ఉస్తాద్ ఎటు వెళ్లాడో తెలియదు.

టీవీలో ఆ నటుడి చావు చూసిన వారానికి రవణమ్మక్క ఇంటికి వెళ్లాను. రాయచోటి నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు. ఇన్నేళ్లూ ఆ ఇరవై నిమిషాలు నాకు కువైట్ కంటే దూరం. గోడలు కిటికీల ఎత్తుకే ఉన్నాయి. ఆ పైన ఇటుక లేదు, రేకులు వేసుకున్నారు. ఆమె వసారాలో చింతపండు గింజ తీస్తోంది. నన్ను గుర్తుపట్టడానికి ఏమాత్రం సమయం తీసుకోలేదు.

"కూరాకు తిననీకి వచ్చినావా?" అంది.

పక్కనే కూర్చున్నాను. ఇంత జరిగిందానికి అసలు ఆ టేపుల్లో ఏముండింది, నేను ఒక్కటీ చూడనేలేదే అని అడిగింది. చెప్పాను. గుడ్డి జడ్జి, జాలరి, గుమాస్తా, రాజు, అందరూ ఒక్కడేనని చెప్పాను. భయమేసినప్పుడు బొటనవేలు దాచుకునేవాడని చెప్పాను.

"నువ్వూ దాచుకున్యావు ఆ పొద్దు" అంది గింజ తీస్తూనే. "అది చూసే నావని చెప్తి. పిల్లోడు, జైల్లో ఏస్తే చస్తాడు, నన్నయితే ఇంటికి పంపుతారు, అంతే కదా అనుకుంటి. ఎట్టాగూ జాబు రాస్తావు కదా అని."

"ఇంట్లో ఏమన్నారు?"

"ఏమంటారు? ఉన్నట్టుండి పంపించేస్తే ఊరు ఏమంటాదో అదే అనిరి. మా ఇంటాయన ఏమీ అనలా. పద్నాలుగేండ్లు, పోయేదాకా, ఏమీ అనలా. అదే. ఒక మాట అన్నింటే తిరిగి ఒక మాట అందును." చేతిలో గింజను దూరంగా విసిరింది. "నీ జాబు వస్తాదని రోజూ తపాలాయన సైకిల్ కాడికి పోతాంటి. ఆ తపాలాయన పోయి కూడా తొమ్మిదేండ్లాయ."

పాప చదువు అడిగాను. ఆ ఏడే మానిపించారట. రెండుసార్లు రాసింది పనికిరాలేదు.

జేబులోంచి కవరు తీసి చింతపండు చాట పక్కన పెట్టాను. ఆమె చాట జరుపుకుంది కానీ కవరు ముట్టుకోలేదు. తీసి మళ్లీ జేబులో పెట్టుకుని లేచాను. గుమ్మం దాకా వెళ్లాను. చెప్పులు నిదానంగా తొడుక్కున్నాను, ఒకదాని పట్టీ సరిగా లేనట్టు వంగి సర్దుకున్నాను కూడా. ఆమె వెనక్కి పిలవలేదు.

కాబట్టి లెక్క ఇదీ. ఆ బేరంలో నాకు మిగిలింది ఆరేళ్ల కువైట్, మచ్చపడని ఇఖామా, ఈ ముసలితనం. ఆమెకు పోయింది రెండేళ్ల సంపాదన, కిటికీల పైన లేవని గోడ, కూతురి చదువు, పద్నాలుగేళ్లు పక్కనే ఉండి మాట్లాడని మనిషి. దానికి నేను కట్టాల్సింది రెండు జాబులు. ఒకటి ఉన్నదున్నట్టు రాసి ఉంటే చాలు, రెండోది ఆమే వదిలేసేది. ఆ ధర ఆమె అడిగింది కాదు. పెట్టె దించకముందే నేనే చెప్పాను. జేజి లెక్కన సగం అక్కడే ఓడిపోయాను. మిగతా సగం, చెప్పిన ధర కట్టకుండా ఓడిపోయాను.